మన్ననూరు రాహుకాలం

మన్ననూరు నుంచి పాడేరుకి విమానంలో గంటా పది నిమిషాలు. పైలట్ ఉండడు, ఆరే సీట్లు, బ్యాటరీ ఛార్జి గంటన్నరకే సరిపోతుంది. కొండల అందం చూసుకోండని సీట్ల ముందు 'కాసేపు ఆగు' అనే మీట పెట్టారు. నొక్కితే విమానం దిగకుండా గాల్లోనే తిరుగుతుంది. కొండలెవరు చూశారు? అందరూ దాన్ని రాహుకాలానికే నొక్కుతారు.

ఆ శనివారమూ అంతే. పాడేరు రన్‌వే దగ్గర డ్యూటీలో ఉన్న పైడితల్లి మైకు అందుకుంది. చెప్పడం వరకే ఆమె పని, దింపడం ఆమె చేతిలో లేదు.

"పెద్దమ్మా, ఏడు నిమిషాల ఛార్జే ఉంది. ఆ మీట ఆపేయండి."

"రాహుకాలం ఇంక పన్నెండు నిమిషాలున్నది బిడ్డా," అంది పైనుంచి అనసూయమ్మ. "నెలల పిల్లతోని ఎట్ల దిగుతం?"

ఛార్జి ఐదు నిమిషాలకు పడింది. పైడితల్లి టైము చూద్దామని తల తిప్పింది. అప్పుడు గోడ మీది పాడేరు పంచాంగం కంటపడింది.

"అది మీ మన్ననూరు లెక్క పెద్దమ్మా! మేం తూర్పున ఉన్నాం, ఇక్కడ సూర్యుడు పావుగంట ముందే లేస్తాడు. మా ఊళ్లో రాహుకాలం అయిపోయింది!"

కాసేపటికి విమానం కిందికి వంగింది. చక్రాలు నేలను తాకేసరికి ఒక్క నిమిషం ఛార్జి మిగిలింది. పైడితల్లి మైకు పక్కన పెట్టింది.

మైకు మళ్లీ గరగరమంది. మన్ననూరు రన్‌వే నుంచి అంజిలయ్య.

"అక్కా, నీ మాట అన్ని విమానాలల్ల వినబడ్డది. మీ ఊరి లెక్కన రాహుకాలం అయిపోయిందని ఇక్కడ దిగబోయిన మీ పాడేరు విమానం మళ్ల పైకి లేచింది. మన్ననూరు సూర్యుని లెక్కన ఇంక ఉన్నదట. వాళ్లకు ఛార్జి మూడు నిమిషాలే ఉన్నది. ఇప్పుడేం చెప్పాలె అక్కా?"