గిటార్ కొనడానికి అమ్మ వచ్చింది

ఇంటర్ నుంచి గిటార్ అడుగుతున్నాను. అడిగినప్పుడల్లా "ముందు ఉద్యోగం చూసుకోవే" అనే అమ్మ, నాకు ఉద్యోగం వచ్చి ఇవాళ తెనాలిలో గిటార్ కొందామంటే, నాకంటే ముందే చీర మార్చుకుని రేపల్లె స్టేషన్‌కి బయల్దేరింది. అప్పుడే అనుమానం వచ్చింది. నన్ను కొననివ్వకుండా చెయ్యడానికే వస్తోంది.

తెనాలి షాపులో అనుమానం గట్టిపడింది. నేను ఏ గిటార్ ఎత్తినా అమ్మ దాని వంక చూడదు. నా చేతుల వంకే చూస్తోంది.

"మళ్ళీ తిరగేసి పట్టుకున్నారు పాపా," అన్నాడు షాపాయన నవ్వుతూ. "మెడ ఎడమచేతిలో ఉండాలి. మీటేది కుడిచేత్తో."

సిగ్గుపడి సరిచేసుకున్నాను. మీటితే రేకు మీద గీకినట్టు మోగింది.

"ఇది వద్దు," అంది అమ్మ.

ఆయన ఇంకోటి తీశాడు.

"ఇదీ వద్దు."

"అసలు కొనే ఉద్దేశం ఉందా నీకు?" పళ్ళు బిగబట్టి అడిగాను. "లేదంటే చెప్పు, ఈ బండికే వెనక్కి పోదాం. ఇంక జన్మలో గిటార్ మాటెత్తను."

అమ్మ షాపాయన్ని అడిగింది: "ఎడమచేతివాళ్ళకి వేరే ఉంటాయా అండి?"

"ఉంటాయండి. విజయవాడ నుంచి తెప్పించాలి. ఎందుకండి అదంతా? కుడిచేత్తో నాల్రోజులు వాయిస్తే అదే అలవాటైపోద్ది."

"అవుద్దండి. పలక పట్టినప్పుడు దీని ఎడమచెయ్యి వాచేలా కొట్టి అలవాటు చేసింది నేనేగా."

నా చేతిలోని గిటార్ తీసి అమ్మ బల్ల మీద పెట్టింది.

"తెప్పించండి. ఆగుతాం."