పది వేల అడుగులు

జమ్మికుంట జిన్నింగు మిల్లు యజమాని విక్రాంత్ రోజూ పొద్దున్నే తన వాచీ విప్పి హమాలీ రహమాన్ చేతికి కట్టేవాడు. రోజుకు పది వేల అడుగులు నడిచినట్టు ఆ వాచీ చూపిస్తే ఇన్సూరెన్స్ కంపెనీ విక్రాంత్‌కు రాయితీ ఇస్తుంది. పత్తి బస్తాలు మోసే రహమాన్ మధ్యాహ్నానికే ఆ లెక్క దాటేసేవాడు.

ఆ రోజు విక్రాంత్ ఫోను పట్టుకుని ఆఫీసు గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. గుండె లయ తప్పుతోంది, వెంటనే డాక్టరును కలవండి అని వాచీ పంపిన హెచ్చరిక ఫోనులో కనిపిస్తోంది.

“రహమాన్, పానం ఎట్లున్నది?”

రహమాన్ కళ్ళు చెమ్మగిల్లాయి. ఇరవై ఏళ్ళలో ఈ మిల్లులో ఎవరూ ఆ మాట అడగలేదు.

“వారం సంది ఛాతిల దడదడ అంటున్నది సేటు. బస్తా ఎత్తితే కండ్లు తిరుగుతున్నయి.”

విక్రాంత్ గబగబా రహమాన్ చేతికున్న వాచీ విప్పాడు.

“మరి చెప్పవేందిరా? గిదంత నా పేరు మీద ఎక్కింది. ఇన్సూరెన్సోళ్ళకు నేనేం చెప్పాలె?”

రహమాన్ పక్కనున్న బస్తా మీద కూలబడ్డాడు.

విక్రాంత్ వాచీకి అంటిన చెమట తుడిచి, మిగతా హమాలీల వైపు తిరిగాడు.

“మీల గుండె మంచిగున్నోడు ఎవడు? చెయ్యి లేపుండ్రి.”

ముప్పై మందీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ చెయ్యి లేపలేదు.

రహమాన్ పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

“వాళ్ళకేం ఎరుక సేటు? ఒక్కొక్కనికి ఒక్కొక్క దినం ఆ వాచీ కట్టు. ఎవరెవరం పోతమో తెలుస్తది.”