టాక్ బాబాయ్ అమ్ముకున్న విద్య

రొయ్యల కుడుము టాక్ బాబాయ్ గొంతుకు అడ్డం పడింది.

"మింగు మరిదీ. నువ్వు చెప్పిన గుర్రం ఓడితే నువ్వు ఉక్కిరిబిక్కిరవడం దేనికి?" అంటూ క్వాయ్ వదిన టీ పోసింది.

టీ పోసినవాళ్లకు బల్ల మీద రెండు వేళ్లు తట్టి మర్యాద చెల్లించాలి. బాబాయ్ వేళ్లు లేవలేదు.

ఆదివారం పొద్దున. మధ్యాహ్నం షా టిన్ మైదానంలో గుర్రప్పందేలు. పాతికేళ్లుగా బాబాయ్, వదిన, ట్రామ్ డ్రైవర్ ఫాయ్ ముగ్గురిదీ అదే టీ హోటలు, అదే బల్ల. గుర్రం తోక ఆడించిన తీరు చూసి, అది రాత్రి ఏం కలగన్నదో చెప్పగలడని బాబాయ్‌కి పేరు. ఆయన గుర్రం పేరు చెప్పడం, మిగతా ఇద్దరూ దాని మీద కాయడం. ఇన్నేళ్లలో గెలిచినవేవని అడిగితే మాత్రం ముగ్గురూ తడుముకోకుండా ఒకటే పేరు చెబుతారు.

"నీ తప్పేముంది బాబాయ్! అంతా ఆ కంప్యూటర్ల పాపం," అన్నాడు ఫాయ్. "గేట్లు తెరుచుకునే ముందు గెలిచే గుర్రం మీద లక్షలు కుమ్మరిస్తాయి, మన వాటా చిక్కిపోతుంది. మొన్న వదిన నీ మాట కాదని వేరే గుర్రం మీద కాసి గెలిచిందా? బోర్డు మీద ఇరవై రెట్లన్నది, గుర్రాలు మలుపు తిరిగేసరికి ఏడు రెట్లయింది."

"నా నోటి దగ్గర కూడు లాక్కున్న ఆ యంత్రానికి జిగట విరేచనాలు పట్ట!" వదిన మెటికలు విరిచింది.

ఫాయ్ మణికట్టు బోసిగా ఉంది. పెళ్లినాటి గడియారం తాకట్టు కొట్లో ఉంది. బాబాయ్ అటు చూడలేకపోయాడు.

"ఆ యంత్రానికి అక్షరాభ్యాసం చేసింది నేనే," అన్నాడు.

ఆరేళ్ల క్రితం పందేల యంత్రం కంపెనీవాళ్లు వచ్చి ఆయన నోటు పుస్తకాలు అడిగారు. ముప్ఫై ఏళ్లు తెల్లవారుజామున మైదానం కంచె పట్టుకు నిలబడి, ఏ గుర్రం గెలుస్తుందో, ఎందుకు గెలుస్తుందో రాసుకున్న నలభై పుస్తకాలు. ఇచ్చేశాడు. వచ్చిన డబ్బుతో పళ్లు కట్టించుకున్నాడు.

"ఆ పళ్లతోనే మీ ఎదురుగా కూర్చుని నములుతున్నాను వదినా."

వదిన ఆయన కప్పులో టీ తన కప్పులోకి ఒంపుకుంది.

"పోయి తెచ్చుకో. అవి లేకుండా ఈ బల్ల దగ్గరికి రాకు."

బాబాయ్ తిన్నగా ఆ కంపెనీ ఆఫీసుకే వెళ్లాడు. అక్కడ లెక్కలు చూసే యుయెన్ అనే కళ్లజోడమ్మాయి కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"నా పుస్తకాలు నాకిచ్చెయ్యమ్మా. పళ్లూడదీసి ఇమ్మన్నా ఇస్తాను. నా విద్య మీకు పెట్టి నావాళ్ల నోట మట్టి కొట్టాను. ఇక నా వల్ల కాదు."

ఆ పిల్ల గాభరాగా లేచి పుస్తకాలున్న బీరువాకు అడ్డం నిలబడింది.

"అంత మాటనకండి బాబాయ్! అవి మీరు పట్టుకుపోతే, ఎలాంటి గుర్రం మీద కాయకూడదో మా యంత్రానికి ఎవరు చెబుతారు?"