గంధకం వాసన

కాళియమ్మ దీపానికి అగ్గిపుల్ల గీయబోతుంటే, నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన కోడలు అభిరామి ఆమె మణికట్టు మీద రోకలితో ఒక్కటిచ్చింది. ఎముక విరిగింది. అగ్గిపెట్టె ఎగిరిపడింది. కోడలు అత్తను జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చుకొచ్చింది.

"ఐయయ్యో, దీపాల వేళ చంపుతాండాది! కొడకా, పరిగెత్తి రారా!"

కాళియమ్మ కేక కొబ్బరితోట చివరిదాకా వినిపించింది. ఆమె కోడలి చేతిని నెత్తురొచ్చేలా కొరికింది.

"గ్యాసు కారతా ఉండాది అత్తా! స్విచ్చు ముట్టుకున్నా ఇల్లు లేచిపోతాది. వాసన తెలియలేదా?"

"అది గంధకమే, పిచ్చిదానా! నేనొచ్చిన్నాటినుంచీ ఈ ఇంట్లో అదే వాసన."

పొల్లాచ్చి మండీకి పంపే ఎండుకొబ్బరికి బూజు పట్టకుండా, ఆ ఇంటి వెనక కొట్టంలో గంధకం పొగ పెడతారు.

"వారంగా వాన. కొట్టం ఖాళీ. గంధకం ఎవరు పెట్టినారు అత్తా?"

కాళియమ్మ ఏడుపు ఠక్కున ఆగింది. కొరికిన చేతినే గట్టిగా పట్టుకుంది.

అప్పుడే పెరటి తలుపు దడాలున తెరుచుకుంది. తల్లి కేక విని తోటలోంచి పరిగెత్తుకొచ్చిన కొడుకు, చీకటింట్లోంచి అరిచాడు.

"అమ్మా, యాడుండావు? ఉండు, లైటేస్తా."