చదివినట్టు గుర్తు

మా రేవు కార్యాలయంలో పడవలకు హెచ్చరికలు పంపే కంప్యూటరుకు ఒక పద్ధతి ఉంది. అవతల మనిషి చదివి మీట నొక్కితేనే సందేశం వరసలోంచి పోతుంది. ఐదుసార్లు పంపినా ఎవరూ నొక్కకపోతే, అది అందనివాటి పెట్టెలో పడుతుంది.

ఆ పెట్టెలో తొమ్మిదేళ్లుగా ఒకటే ఉంది. "తుఫాను వస్తోంది, వెనక్కి తిరుగు." అది పంపిన పడవ ఆ రాత్రే మునిగిపోయింది. నడిపినవాడు మా పెద్దసారు తమ్ముడు. సారు ప్రతి రాత్రీ ఆ సందేశాన్ని తీసి మళ్లీ వరసలో పెట్టేవారు. ఆయనకు జ్వరమని ఈ రాత్రి నేను పెట్టాను.

నాలుగుసార్లు తిరిగొచ్చింది. ఐదోసారి రాలేదు. తెరమీద "చదివారు" అని పడింది.

ఆయనకు ఫోన్ చేశాను. "సార్, మీ తమ్ముడిగారి సందేశం పెట్టెలో లేదండీ."

"తీసేశావా?"

"లేదండీ. చదివినట్టు చూపిస్తోంది."

సాయంత్రం నుంచి హోరెత్తుతున్న సముద్రం ఉన్నట్టుండి ఊరుకుంది. అప్పుడు, చాలా దూరాన, పడవ ఇంజను చప్పుడు వినిపించింది. ఫోను కిటికీ దగ్గర పెట్టాను.

"తిరిగాడన్నమాట," అన్నారాయన మెల్లగా. "రేవు లైట్లన్నీ వెయ్యమ్మా."