సాంసన్ ఐడీ

మూడు మండలాలకు నెట్ ఇచ్చే మునగాల ఇంటర్నెట్ కేంద్రంలో ఎస్తేరుది రాత్రి డ్యూటీ. తెగిన కేబుల్ అతికించడానికి వెళ్లిన ఆమె భర్త సాంసన్ నిరుడు మాడుగులపల్లి దగ్గర లారీ గుద్ది చనిపోతే, అతని బదులు ఈ ఉద్యోగం ఆమెకిచ్చారు.

రెండు గంటలకు స్క్రీన్ మీద అతని పేరు వెలిగింది. మాడుగులపల్లి నుంచే, అతని పాస్‌వర్డ్‌తోనే ఎవరో లోపలికొచ్చారు.

ఆమె ఇంజనీరు దామోదర్‌కు ఫోన్ చేసింది.

"ఎవడో దొంగ, ఎస్తేరమ్మా. పోయినోళ్ల ఐడీలు మనమే మూయలే. జల్ది తీసెయ్, లేకుంటే మూడు మండలాల నెట్ ఖతమైతది."

ఆమె డిలీట్ నొక్కబోయింది. గదిలో మెషీన్ల హోరు తప్ప మరో చప్పుడు లేదు. స్క్రీన్ మీద ఒక్కో అక్షరమే పడింది.

"తిన్నవా?"

రోజూ పని దగ్గరి నుంచి ఫోన్ చేసి సాంసన్ అడిగే మాట అది.

"తీసేసినవా?" ఫోన్లో దామోదర్ అడిగాడు.

"తీసేసిన సార్," అంది ఎస్తేరు. కీబోర్డు మీద, "ఇంకా లేదు. నువ్వు?" అని కొట్టింది.