జోరీగ చిరునామా

జోరీగను ఎలాగైనా పట్టుకుని తీరాలని చిన్నకోడలు ఆ ఆదివారం పళ్ళు తోముకుంటూనే ఒట్టు పెట్టుకుంది.

పైథాన్ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్ళకు ఇంటర్నెట్‌లో ఒక చర్చావేదిక ఉంది. పాలపిట్ట అనే మారుపేరుతో దాన్ని నడిపేది చిన్నకోడలే. అక్కడ ఆమె పెట్టిన మొదటి నియమం, ఎదుటి భాషను కించపరచకూడదు. మన భాషలో ఏం చేశామో చెప్పుకోవచ్చు గాని, పక్కవాళ్ళ భాషకు ఏం చేతకాదో చెప్పకూడదు. రస్ట్ అనే ఇంకో ప్రోగ్రాము భాషవాళ్ళను తుప్పుగాళ్ళని వెక్కిరించినందుకు ఒక ప్రొఫెసరుగారినే ఆమె మొహమాటం లేకుండా వారంపాటు వేదిక బయట నిలబెట్టింది.

అంత పద్ధతైన చోటికి జోరీగ పేరుతో ఎవరో దూరారు. "పైథాన్ అన్న పేరు ఊరికే పెట్టలేదు. కొండచిలువలాగే, మింగింది అరిగేదాకా కదలదు" అని ఒకసారి. "పైథాన్ ప్రోగ్రాము పెళ్ళికి ముందు చెప్పిన మాటలాంటిది. కాపురం మొదలయ్యాక గాని తప్పులు బయటపడవు" అని ఇంకోసారి. దాంతో సభ్యులు జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. ఒక జోరీగను గెంటేస్తే కాఫీ తాగి వచ్చేలోపు ఇంకో జోరీగ పుట్టేది. మరొక్క గొడవ జరిగితే వేదికే మూసేస్తామని సైటు యజమానులు తేల్చి చెప్పారు.

అదే జోరీగ అటు, ఆ సైటులోనే ఉన్న రస్ట్ వాళ్ళ వేదికనూ వదల్లేదు. దాన్ని నడిపే మనిషి మారుపేరు ఉలి. ఆడో మగో కూడా చిన్నకోడలికి తెలియదు గాని, కష్టం ఒకటే కావడంతో ఇద్దరికీ స్నేహం కుదిరింది. అక్కడ పడుతున్న తిట్లు ఉలి నుంచి ఆమెకు వచ్చేవి. "రస్ట్ కంపైలర్ అంటే అనుమానపు మొగుడే. ఏం తీసుకెళ్తున్నావు, ఎవరికిస్తున్నావు, వాళ్ళెప్పుడు తిరిగిస్తారు అని ఆరా తీసి గాని ప్రోగ్రామును గడప దాటనివ్వదు" అన్నది వాటిలో ఒకటి. చిన్నకోడలు "ఎంత అన్యాయం" అని జవాబు రాసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కడుపు పట్టుకుని నవ్వింది. జోరీగ దుర్మార్గుడే గాని మాట పొందిక తెలిసినవాడని, అచ్చం తన మనసులో మాటే అన్నాడని లోలోపల మెచ్చుకుంది కూడా.

ఆ మధ్యాహ్నం సైటు వాళ్ళు, జోరీగ ఏ ఇంటర్నెట్ కనెక్షన్ మీద నుంచి రాస్తోందో ఆ నంబరు పంపారు. ఉలికి కూడా పంపామన్నారు. చిన్నకోడలు దాన్ని రెండుసార్లు సరిచూసుకుంది. అది తమ ఇంటి నంబరే.

ఈ సంగతి బయటికి పొక్కితే జోరీగ తనే అంటారు. ఇన్నాళ్ళూ మర్యాద గురించి చెప్పిన నీతులన్నీ తిరిగి తన మొహానే కొడతారు.

ఇంటికంతటికీ ఒకటే కనెక్షన్. మేడ మీద తనూ భర్తా, కింద బావగారూ తోటికోడలూ, మెట్ల పక్క గదిలో అత్తగారు. అన్నదమ్ములిద్దరూ నెలరోజులుగా పనిమీద వేరే ఊళ్ళో ఉన్నారు. ఇక ఆలోచించడానికేముంది? డాబా మీద బట్టల తీగ దగ్గర మాటా మాటా పెరిగినప్పటి నుంచి తోటికోడలికీ తనకూ మాటల్లేవు. ఉప్పు అయిపోయిందన్నా అత్తగారి ద్వారానే కబురు. ఆవిడదీ కంప్యూటరు ఉద్యోగమే. పగ తీర్చుకోవడానికి ఇదీ దారి అనుకుని చిన్నకోడలు లాప్‌టాప్ చంకన పెట్టుకుని దడదడా మెట్లు దిగింది.

మలుపులో పెద్దకోడలు ఎదురైంది. ఆవిడ చంకలోనూ లాప్‌టాప్ ఉంది.

"నీ దగ్గరికే వస్తున్నా" అంది పెద్దకోడలు. "మా వేదికలో చిచ్చు పెడుతున్నది ఈ ఇంట్లోంచే."

"ఏ వేదికక్కా?"

"రస్ట్."

"ఉలి మీరేనా?" అంది చిన్నకోడలు.

పెద్దకోడలు నోరు తెరిచింది. "పాలపిట్టవి నువ్వా?"

ఇద్దరూ మెట్టు మీద కూలబడి కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వారు. నవ్వు కాస్త తగ్గాక, బట్టల తీగ విషయంలో మీ అభిప్రాయాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నానని చిన్నకోడలు వేదిక భాషలో చెప్పింది. సాటి సభ్యురాలి దుప్పట్లకు చోటు వదలకపోవడం నియమావళికి విరుద్ధమేనని పెద్దకోడలు ఒప్పుకుంది. మళ్ళీ నవ్వారు. అప్పుడు గాని అసలు ప్రశ్న గుర్తుకు రాలేదు. మరి జోరీగ ఎవరు?

పక్క గదిలోంచి టిక్కుటిక్కుమని ఫోను చప్పుడు వినిపించింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, పిల్లుల్లా వెళ్ళి తలుపు తోశారు. అత్తగారు ముక్కు చివరికి జారిన కళ్ళజోడులోంచి చూస్తూ, చూపుడువేలితో ఒక్కో అక్షరమే పొడుస్తున్నారు. తెరమీద జోరీగ పేరు నిగనిగలాడుతోంది.

కోడళ్ళను చూసి ఆవిడ బెదరలేదు. ఫోను పక్కన పెట్టి, "ఇద్దరూ ఒక గుమ్మంలోంచి కలిసి రాగా చూసి ఎన్నాళ్ళయిందర్రా" అన్నారు తృప్తిగా.

చిన్నకోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అదంతా సరే అత్తయ్యా, అంత ఘాటు మాటలు మీకు ఎవరు నేర్పారు?" అని అడిగింది.

"నాకు ఆ భాషల్లో ఓనమాలు కూడా రావమ్మా. మీ వేదికల గోలంతా మీరిద్దరూ నాకు చెప్పుకున్నదేగా. నీ వేదికలో పెట్టినవన్నీ ఇదిగో ఈ పెద్దది నా మోకాళ్ళకు మందు రాస్తూ అన్నవి, దాని వేదికలో పెట్టినవన్నీ నువ్వు నాకు తల దువ్వుతూ అన్నవి."